చిల్లికుండలో వెలుతురు: మొక్క కణం కాంతినీ వేడినీ కొలిచే తీరు

రెండు గ్లాసుల్లో తడిగుడ్డ పరిచి, ఒకే గుప్పెటలోని పెసలను చెరిసగం వేసి, ఒక గ్లాసును కిటికీ పక్కన, రెండోదాన్ని బీరువాలో బట్టల వెనక పెట్టి, అయిదారు రోజుల తర్వాత తీసి చూస్తే రెండింటిలోనూ ఉన్నవి ఒకే జాతి మొక్కలని నమ్మడం కష్టం. కిటికీ పక్కన మొలిచినవి పొట్టిగా, కాడ గట్టిగా, ఆకులు విచ్చుకుని పచ్చగా ఉంటాయి. బీరువాలోవి వాటికంటే ఎంతో పొడవు సాగి, కాడ పాలిపోయి తెల్లగా, తల కొక్కెంలా కిందికి వంగి, పసుపుపచ్చని చిన్న ఆకులను దోసిలి మూసినట్టు మడుచుకుని ఉంటాయి. మా ఇంట్లో ఈ పని ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు పుట్టలేదు. ఎందుకంటే చీకట్లో మొలిచినది జబ్బుపడిన మొక్క కాదు. మట్టిలో లోతుగా పాతుకుపోయిన గింజ చేయవలసిన పనినే అది చక్కగా చేస్తోంది. గింజలో ఉన్న కాస్త నిల్వనూ పైకి సాగడానికే ఖర్చుపెడుతోంది, మట్టిపెళ్లల మధ్య లేత చిగురు చిదిగిపోకుండా తల వంచుకుంటోంది, వెలుతురు లేనిచోట పనికిరాని పచ్చదనాన్ని తయారుచేయకుండా ఆపుకుంటోంది. వెలుతురు తగిలిన కొన్ని గంటల్లోనే ఈ మూడు నిర్ణయాలనూ అది తిరగరాస్తుంది.

ఆ నిర్ణయం తీసుకునేది ఎవరు? మొక్కకు కన్ను లేదు, చర్మం కింద నరాలు లేవు, వార్తలన్నీ చేరే మెదడు లేదు. ప్రతి కణమూ తన మీద పడిన వెలుతురును తానే చూస్తుంది, తనకు తగిలిన వేడిని తానే కొలుస్తుంది. ఇందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. మనం వెలుతురును కంటితో, వేడిని చర్మంతో వేరువేరుగా తెలుసుకుంటాం కనుక అవి రెండూ వేరువేరు కబుర్లని అనుకుంటాం. మొక్క కణంలో ఆ గోడ లేదు. వెలుతురును చూసే ముఖ్యమైన అణువే వేడినీ కొలుస్తుంది, పైగా ఒకే లెక్కలో కలిపి కొలుస్తుంది. ఆ అణువు ఉనికిని పసిగట్టిన నాటి నుంచి ఈ సంగతి బయటపడేదాకా అరవై ఏళ్లకు పైగా పట్టింది.

కథ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్‌లో, వ్యవసాయశాఖ పరిశోధన కేంద్రంలో మొదలైంది. పొగాకు, సోయాచిక్కుడు వంటి పైర్లు పగటి పొడవును బట్టి పూతకు వస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు 1920లోనే తేల్చారు. ఆ పగటి పొడవును మొక్క దేనితో కొలుస్తుందో తెలియలేదు. మూడు దశాబ్దాల తర్వాత బెల్ట్స్‌విల్‌లో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ తమ సహచరులతో కలిసి లెట్యూస్ అనే ఆకుకూర విత్తనాలను తీసుకున్నారు. గ్రాండ్ రాపిడ్స్ అనే ఆ రకం విత్తనాన్ని నానబెట్టి చీకట్లో ఉంచితే చాలావరకు మొలకెత్తదు. నిమిషంపాటు ఎర్రని కాంతి చూపిస్తే సుమారు 70 శాతం మొలకెత్తాయి. ఎరుపు తర్వాత వెంటనే, మన కంటికి కనిపించీ కనిపించని అంచున ఉండే ముదురెరుపు కాంతిని చూపిస్తే మొలకలు 6 శాతానికి పడిపోయాయి. మళ్లీ ఎరుపు చూపిస్తే 74 శాతం, దాని మీద మళ్లీ ముదురెరుపు చూపిస్తే మళ్లీ 6 శాతం. ఎన్నిసార్లు మార్చినా విత్తనం చివరి కాంతి మాటే విన్నది.

1952లో అచ్చయిన ఈ ఫలితం నుంచి వాళ్లు తీసిన నిర్ధారణ ఎంత సరళమో అంత సాహసమైనది. రెండు కాంతులకు రెండు పదార్థాలు లేవు. ఉన్నది ఒకే వర్ణకం, దానికి రెండు రూపాలు. మొదటి రూపం 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపును పీల్చుకుని రెండోదిగా మారుతుంది, రెండో రూపం 730 నానోమీటర్ల దగ్గరి ముదురెరుపును పీల్చుకుని మొదటిదిగా తిరిగి వస్తుంది. అప్పటికి ఆ పదార్థాన్ని ఎవరూ చూడలేదు. ఉండి తీరాలని లెక్క చెప్పింది. 1959లో వారన్ బట్లర్, హెండ్రిక్స్ తదితరులు చీకట్లో పెంచిన మొక్కజొన్న మొలకల్లో ఆ మార్పును పరికరంతో పట్టుకున్నారు. దానికి ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీదే ఈ రంగంలోని పరిశోధన ఎక్కువగా జరుగుతుంది. అందులో ఎ నుంచి ఇ వరకు అయిదు ఫైటోక్రోమ్‌లు ఉన్నాయి, వరిలో మూడు. పచ్చని మొక్కలో పెద్దపని చేసేది బి రకం.

ఆ అణువును కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక పెద్ద ప్రోటీన్ గుంటలో, నాలుగు వలయాలు వరుసగా గుచ్చిన గొలుసులాంటి చిన్న వర్ణక అణువు ఇరుక్కుని ఉంటుంది. ఎరుపు కాంతి తగలగానే గొలుసు చివరి రెండు వలయాల మధ్య ఉన్న ఒక బంధం మెలితిరుగుతుంది. జరిగేది అంతే, ఒక్క మెలిక. అది గుంట గోడల మీద ఒత్తిడి తెచ్చి ప్రోటీన్ ఆకారాన్నే మార్చేస్తుంది. ఎరుపును పీల్చే మొదటి దశను నిద్రరూపం అనీ, మారిన తర్వాతి దశను చురుకురూపం అనీ ఇక్కడ పిలుచుకుందాం. చురుకురూపంలోకి వచ్చిన ఫైటోక్రోమ్ కణద్రవ్యంలో నిలవక కేంద్రకంలోకి వెళ్తుంది, అక్కడ సూక్ష్మదర్శినిలో కనిపించేంత స్పష్టమైన చుక్కలుగా గుమిగూడుతుంది. కేంద్రకంలో పిఫ్‌లు అనే ప్రోటీన్లు డీఎన్ఏకు అంటుకుని, కాడ సాగడానికి కావలసిన జన్యువులను నడిపిస్తూ ఉంటాయి. చురుకు ఫైటోక్రోమ్ వాటిని పట్టుకోగానే వాటి మీద ఫాస్ఫేట్ ముద్ర పడుతుంది, ముద్ర పడినదాన్ని కణంలోని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం నిమిషాల్లో నమిలేస్తుంది. బీరువాలోని పెసర మొలకలో పిఫ్‌లు అడ్డులేకుండా పేరుకుపోయాయి, కిటికీ పక్కన ఉన్నదానిలో పుట్టినవి పుట్టినట్టే చెదిరిపోయాయి. రెండు గ్లాసుల మధ్య తేడా ముఖ్యంగా ఇదే. దీనికి తోడు మరో ఏర్పాటూ ఉంది. మొక్కను పచ్చబరిచే పనిని నడిపే హెచ్‌వై-5 అనే ప్రోటీన్‌ను చీకట్లో కాప్-1 అనే మరో ప్రోటీన్ ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది, వెలుతురు వచ్చాక కాప్-1 పట్టు సడలి హెచ్‌వై-5 నిలదొక్కుకుంటుంది. వెలుతురు ఒకదాన్ని కూల్చి ఇంకొకదాన్ని నిలబెడుతుందన్నమాట.

మొలకెత్తడంతో ఫైటోక్రోమ్ పని అయిపోదు. ఆరుబయట ఎండలో ఎరుపు, ముదురెరుపు దాదాపు సమానంగా ఉంటాయి, ఎరుపు కాస్త ఎక్కువ. ఆకు ఎరుపును తినేసి ముదురెరుపును వదిలేస్తుంది కనుక దట్టమైన ఆకుల కింద ఎరుపు ముదురెరుపులో అయిదో వంతుకు కూడా సరిపోదు. మనకు అది ఒట్టి నీడ. మొక్కకు అది గోడనీడా పక్కమొక్క నీడా అన్నది తెలిసిపోయేంత స్పష్టమైన కబురు. పక్కమొక్క నీడలో ముదురెరుపు ఎక్కువై ఫైటోక్రోమ్ నిద్రరూపానికి తిరుగుతుంది, పిఫ్‌లు మళ్లీ పోగవుతాయి, కాడ సాగుతుంది. ఇంకా నీడ పడకముందే, పక్క ఆకుల మీద నుంచి పక్కవాటుగా తిరిగొచ్చిన ముదురెరుపును బట్టే మొక్క పోటీని పసిగట్టగలదు. తొలకరికి దుక్కి దున్నగానే కలుపు విరగబడి మొలవడానికి తేమ, గాలి ఎలా కారణమో, మట్టి తిరగబడినప్పుడు పాతుకుపోయిన గింజకు తగిలే క్షణకాలపు వెలుతురు కూడా అలాగే కారణం. ఆ పిసరంత వెలుతురును పట్టుకునేది ఎ రకం ఫైటోక్రోమ్.

నీలికాంతికి వేరే అణువులు ఉన్నాయి. కిటికీ వైపు మొలక వంగే తీరును చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880 నాటికే గడ్డిమొలకల మీద పరీక్షించి, వెలుతురును చూసేది కొన అనీ వంగేది కిందిభాగమనీ చూపించారు. ఆ వంపుకు మూలమైన ఫోటోట్రోపిన్ అనే ప్రోటీన్‌ను విన్స్‌లో బ్రిగ్స్ బృందం 1990ల చివర్లో గుర్తించింది. ఆకు రంధ్రాలు తెల్లవారగానే తెరుచుకోవడంలోనూ, ఎండ ఎక్కువైతే హరితరేణువులు కణం గోడ పక్కకు తప్పుకోవడంలోనూ దాని చెయ్యి ఉంది. 1993లో మార్గరెట్ అహ్మద్, ఆంథొనీ క్యాష్‌మోర్ గుర్తించిన క్రిప్టోక్రోమ్ మరో నీలికాంతి గ్రాహకం. అలాంటి ప్రోటీన్లే మన శరీరంలోని రోజువారీ గడియారంలోనూ ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలను యూవీఆర్-8 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. దీనికి విడిగా వర్ణకం కూడా అక్కర్లేదని, తన సొంత ట్రిప్టోఫాన్ అమినో ఆమ్లాలతోనే ఆ కిరణాన్ని పీల్చుకుని జంటగా ఉన్నది విడిపోతుందని 2011లో తేలింది. ఈ యూవీఆర్-8 ప్రస్తావన ఇంకాస్త తర్వాత మళ్లీ వస్తుంది.

ఇక వేడి సంగతి. వెలుతురు గ్రాహకాన్ని వెతకడం సులువు, ఎందుకంటే వెలుతురును పీల్చుకునే అణువుకు రంగు ఉంటుంది, ఆ రంగును పట్టుకుని పోతే దొరుకుతుంది. వేడికి రంగు లేదు. పైగా వేడి కణంలోని ప్రతి రసాయనిక చర్యనూ కదిలిస్తుంది. ప్రతి ఎంజైమూ వేగం మారుస్తుంది, ప్రతి పొరా మెత్తబడుతుంది. అన్నీ మారుతున్నప్పుడు కొలిచేది ఏది, కేవలం కుదుపుకు లోనయ్యేది ఏది అని తేల్చడం ఎలా? అందువల్లే 20 డిగ్రీల దగ్గర పెరిగిన అరబిడాప్సిస్ మొలకకు 28 డిగ్రీలు తగిలితే దాని కాడ ఎంతో పొడవు సాగుతుందనీ, ఆ సాగుదలకు పిఫ్‌లలో ఒకటైన పిఫ్-4 కావాలనీ 2009 నాటికి తెలిసినా, పిఫ్-4కు ఆ వేడి కబురు అందించేది ఎవరో ఏళ్లతరబడి తేలలేదు.

సమాధానానికి కావలసిన ముక్క బెల్ట్స్‌విల్ రోజుల నుంచీ కళ్లెదుటే ఉంది. చురుకు ఫైటోక్రోమ్‌ను నిద్రపుచ్చడానికి ముదురెరుపు కాంతి తప్పనిసరి కాదు. చీకట్లో వదిలేసినా అది మెల్లగా తనంత తానే నిద్రరూపానికి జారుకుంటుంది. మెలితిరిగిన బంధం వెనక్కి తిరగాలంటే ఒక చిన్న గట్టు దాటాలి. అణువులు వేడితో ఎంత ఊగితే ఆ గట్టు దాటేవి అంత ఎక్కువవుతాయి. కనుక వేడి పెరిగిన కొద్దీ చురుకురూపం త్వరగా కరిగిపోతుంది. రాత్రిని కొలిచే గడియారంగా ఈ జారుడును చాలాకాలం తలచారు గాని, దాన్నే ఉష్ణమాపకంగా చూడాలన్న సంగతి 2016లో ఒకే పత్రికలో రెండు బృందాలు విడివిడిగా నిరూపించాక గాని స్థిరపడలేదు. ఒకటి కేంబ్రిడ్జిలోని సెయిన్స్‌బరీ ప్రయోగశాలలో ఫిలిప్ విగ్గీ బృందం, రెండోది అర్జెంటీనా రాజధాని బ్యునోస్ ఎయిరెస్‌లో హోర్హే కసాల్ బృందం.

నేను దీన్ని చిల్లికుండగా ఊహించుకుంటాను. కుండలో నీటిమట్టం అంటే చురుకు ఫైటోక్రోమ్ బి మొత్తం. ఎర్రని కాంతి నీళ్లు పోస్తుంది. ముదురెరుపు కాంతి చెంబుతో ముంచి తీసేస్తుంది. వేడి అడుగున ఉన్న చిల్లిని పెద్దది చేస్తుంది. కణం చూసేది నీటిమట్టాన్ని మాత్రమే. పోసింది తక్కువా, తోడింది ఎక్కువా, కారింది ఎక్కువా అన్నది ఈ కుండ ఒక్కదాన్ని చూసి చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పోత ధారాళంగా ఉంటుంది కనుక కారేది పెద్దగా లెక్కలోకి రాదు. మబ్బు పట్టినప్పుడు, నీడలో, అన్నిటికంటే ముఖ్యంగా రాత్రిపూట చిల్లి పెత్తనం మొదలవుతుంది. సాయంత్రం ఒకే మట్టంతో మొదలైన రెండు కుండలు, చల్లని రాత్రి ఒకటీ ఉక్కపోత రాత్రి ఒకటీ గడిపితే, తెల్లవారుజాముకు వేరువేరు మట్టాల్లో ఉంటాయి. ఉక్కపోత రాత్రి గడిపిన మొక్కలో పిఫ్‌లు ముందే విడుదలై కాడను సాగదీయడం మొదలుపెడతాయి.

ఇది పోలిక మాత్రమే కాదనడానికి కేంబ్రిడ్జి బృందం చూపిన రుజువు గట్టిది. అయిదు ఫైటోక్రోమ్‌లూ లేని అరబిడాప్సిస్ మొక్కను చల్లదనంలో పెంచినా దాని జన్యువులు వేడిలో ఉన్నట్టే పనిచేశాయి. కుండే లేదు కనుక మట్టం ఎప్పుడూ సున్నా, దాని లెక్కన ఎప్పుడూ ఎండాకాలమే. దీనికి ఎదురుగా, ఒక్క అమినో ఆమ్లం మారడంవల్ల వెలుతురు ఉన్నా లేకున్నా చురుకురూపంలోనే బిగుసుకుపోయిన ఫైటోక్రోమ్ బి ఉన్న మొక్క, వేడి తగిలినా చల్లదనంలో ఉన్నట్టే ప్రవర్తించింది. ఇదే ఉపాయం మరోచోట మరో అణువులోనూ కనిపించింది. తేమనేలల మీద నాచులా పాకే మార్కాంషియా అనే లివర్‌వర్ట్ మొక్కలో చలి తగిలితే హరితరేణువులు జరగడానికి కారణం ఫోటోట్రోపినేనని 2017లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. నీలికాంతి తాకి మేలుకున్న ఫోటోట్రోపిన్ చలిలో ఎక్కువసేపు మేలుకుని ఉంటుంది, వేడిలో త్వరగా సద్దుమణుగుతుంది. వర్ణకం వేరు, పని వేరు, చిల్లి మాత్రం అదే.

నీడా వేడీ ఒకే మట్టంగా కనిపిస్తే మొక్క పొరపడదా అన్న ప్రశ్న సహజం. చాలా సందర్భాల్లో రెండింటికీ ఒకే జవాబు సరిపోతుంది. కాడ సాగితే నీడలోని మొక్క వెలుతురును అందుకుంటుంది. వేడిలోని మొక్క లేత కొనను కాలే నేలకు దూరం చేసుకుంటుంది, ఆకుకాడలను పైకెత్తి ఆకుల మధ్య గాలి ఆడేలా చేసుకుంటుంది. ఇలా సాగి విడివిడిగా నిలిచిన ఆకులు నీటి ఆవిరి ద్వారా మెరుగ్గా చల్లబడతాయని 2012లో కొలిచి చూపారు కూడా. కానీ నడి ఎండలో నిలిచిన మొక్క వేడిగా ఉందని సన్నగా సాగిపోతే అది ప్రమాదం. అక్కడ యూవీఆర్-8 అడ్డుపడుతుంది. ఎండలో అతినీలలోహిత బి కిరణాలు ఉంటాయి, ఆకుల నీడలో అవి తగ్గిపోతాయి. ఆ కిరణాలు తగిలినప్పుడు యూవీఆర్-8 పిఫ్-4ను అణచి ఉంచుతుంది. ఆరుబయట పెరిగిన నారు గట్టిగా, గాజుకిటికీ వెనక పెరిగిన నారు సన్నగా రావడానికి ఇదొక కారణం, గాజు ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది.

వేడిని కొలిచేది ఫైటోక్రోమ్ ఒక్కటే అని కూడా అనుకోకూడదు. సాయంత్రం పూట పిఫ్-4 జన్యువును మూసి ఉంచే ప్రోటీన్ల జట్టులో ఈఎల్ఎఫ్-3 ఒకటి. దానిలో నిర్ణీతమైన మడత లేకుండా వదులుగా వేలాడే భాగం ఒకటి ఉంది. వేడి పెరిగినప్పుడు ఆ భాగాల మూలంగా ఈఎల్ఎఫ్-3 అణువులు ఒకదానికొకటి అంటుకుని, నీళ్లలో నూనెచుక్కల్లా విడిపోయి గుంపుకడతాయి. గుంపుకట్టినవి డీఎన్ఏ మీద కాపలా ఉండవు, జన్యువు తెరుచుకుంటుంది, చల్లబడితే చుక్కలు మళ్లీ కరిగిపోతాయి. విగ్గీ బృందమే 2020లో దీన్ని వివరించింది. గోధుమకు దూరపు చుట్టమైన బ్రాకిపోడియం అనే గడ్డి ఈఎల్ఎఫ్-3లో ఆ వదులు భాగం లేదు. దాన్ని తెచ్చి అరబిడాప్సిస్‌లో పెట్టినప్పుడు వేడికి స్పందన పోయింది. అదే ఏడాది మూడో మార్గమూ బయటపడింది. పిఫ్-7 ప్రోటీన్‌ను తయారుచేసే ఆర్ఎన్ఏ పోగు మొదట్లో తలపిన్నులా మడతపడిన చిన్న భాగం ఉంటుంది. వేడికి ఆ మడత సడలుతుంది, సడలిన పోగు నుంచి ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది. పగటివేడిని ఈ ఆర్ఎన్ఏ, సాయంత్రపు వేడిని ఈఎల్ఎఫ్-3, రాత్రివేడిని ఫైటోక్రోమ్ బి ముఖ్యంగా చూసుకుంటాయని చెప్పుకోవచ్చు. అన్నీ చివరకు పిఫ్‌ల దగ్గరే కలుస్తాయి, పిఫ్‌లు ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను తయారీని పెంచుతాయి, ఆక్సిన్ కాడలోకి దిగి కణాలను సాగదీస్తుంది.

చలి కథ వేరు, ఇక్కడ దాన్ని క్లుప్తంగానే చెబుతాను. శీతలదేశాల్లో చలికాలపు గోధుమ రకాలు, అరబిడాప్సిస్‌లో కొన్ని రకాలు వారాలతరబడి చలిని చవిచూస్తే గాని పూతకు రావు. అరబిడాప్సిస్‌లో పూతను ఆపే ఎఫ్ఎల్‌సీ అనే జన్యువు చలిలో ఒక్కో కణంలో ఒక్కోసారిగా మూతపడుతూ పోతుంది, వసంతం వచ్చాక కూడా మూసే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ కేంద్రంలో కరొలిన్ డీన్ బృందం దీని మీద దశాబ్దాలు పనిచేసింది. వాళ్లకు దొరికిన ఒక సంగతి ముచ్చటైనది: ఆ జన్యువును మూసే పనికి తోడ్పడే ఎన్‌టీఎల్-8 అనే ప్రోటీన్ చలిలో పోగుపడటానికి ప్రత్యేకమైన గ్రాహకమేదీ అక్కర్లేదు. వేడిలో కణాలు వేగంగా విభజించుకుంటూ దాన్ని పంచుకుని పలచన చేస్తాయి, చలిలో ఎదుగుదల నెమ్మదించి అది మెల్లగా చిక్కబడుతుంది. ఎదుగుదలే అక్కడ కొలబద్ద. వరిలో హఠాత్తుగా తగిలే చలికి కణపు పొరలోని కోల్డ్-1 అనే ప్రోటీన్ కాల్షియం కబురు పంపడానికి తోడ్పడుతుందని 2015లో చైనా శాస్త్రవేత్తలు చూపారు. చలికి ఓర్చుకునే రకాలకూ ఓర్చుకోలేని రకాలకూ ఆ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉందని కూడా వాళ్లే తేల్చారు. యాసంగి నారుమళ్లను డిసెంబరు చలిలో పాలిథీన్ పట్టాతో కప్పి కాపాడుకునే తెలంగాణ రైతుకు ఆ తేడా ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

మళ్లీ కుండ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన పొలాల్లో దాని పని రోజూ కనిపిస్తుంది. తొలకరికి వేసిన గోంగూర నెలలతరబడి ఆకు ఇస్తుంది, అదే భాద్రపదం దాటాక వేస్తే నాలుగు ఆకులు కోసేలోపే పూతకు వస్తుంది. గోంగూర వయసును కాదు, రాత్రి పొడవును లెక్కపెడుతుంది. చామంతీ అంతే. రాత్రి పెరిగితే పూసే ఆ మొక్కను పండగ బేరానికి అందించాలని కొన్నిచోట్ల రైతులు తోట మీద తీగలు లాగి, అర్ధరాత్రి కొన్ని గంటలు బల్బులు వెలిగిస్తారు. ఆ వెలుతురులోని ఎరుపు, ఖాళీ అవుతున్న కుండను నడిరాత్రి మళ్లీ నింపుతుంది, పొడవైన ఒక్క రాత్రి మొక్క లెక్కలో రెండు పొట్టి రాత్రులవుతుంది, పూత ఆగుతుంది. బల్బులు ఆపేసిన తర్వాత గాని మొగ్గ తొడగదు. రోడ్డు పక్క పొలంలో వీధిదీపం కింద మాత్రం పొద్దుకు స్పందించే వరి పచ్చగా నిలిచిపోయి, మిగతా చేను ఈనినా తాను ఈనకపోవడానికి కారణం కూడా ఇదే. ఆకు రాత్రిని కొలిచి పంపే పూత కబురు వరిలో హెచ్‌డీ-3ఎ అనే ప్రోటీన్‌గా మొవ్వులోకి చేరుతుందని 2007లో జపాన్‌లో కో షిమామొటో బృందం చూపించింది.

మన పాత సార్వా వరి రకాల్లో చాలావాటికి ఈ లెక్క ఉండేది, అందుకే అవి ఎప్పుడు నాటినా పొద్దు తగ్గాకే ఈనేవి, రెండో పంటకు పనికివచ్చేవి కావు. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ విడుదల చేసిన ఐఆర్-8, ఆ మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పొలంలోకి వచ్చింది. దాని దిగుబడి గురించి అందరూ చెప్పుకున్నారు. కణం వైపు నుంచి చూస్తే ఆ వరిలో రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. మొదటిది, అది పొద్దు పొడవును పట్టించుకోదు. రెండోది, తైవాన్ పొట్టిరకం నుంచి వచ్చిన జన్యువువల్ల దానిలో కాడను సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను తక్కువ. జిబ్బరెల్లిన్ తగ్గితే డెల్లా అనే ప్రోటీన్లు నిలిచి ఉంటాయి. ఆ డెల్లాలు పిఫ్‌లను పట్టుకుని డీఎన్ఏ మీద కూర్చోనివ్వవని 2008లో అరబిడాప్సిస్‌లో తేలింది. అంటే ఎరువు వేసి ఒత్తుగా నాటిన చేలో, పక్కమొక్క నీడను చూసి సాగి, కంకి బరువుకు పడిపోయే గుణానికి మరో దారిలో బిగించిన కళ్లెం అది. దాన్ని తయారుచేసినవారికి అప్పటికి పిఫ్‌ల పేరు కూడా తెలియదు.

ఇప్పుడు సమస్య రాత్రుల దగ్గరికి వచ్చింది. ఐఆర్-8ను ఇచ్చిన ఆ వరి పరిశోధనా సంస్థే తన పొలాల్లో 1979 నుంచి 2003 వరకు కొలిచిన లెక్కల్లో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగింది, ఎండాకాలపు పంటలో రాత్రివేడి ఒక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా వరి దిగుబడి 10 శాతం తగ్గింది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతతో అలాంటి సంబంధం కనిపించలేదు. ఆ నష్టంలో శ్వాసక్రియకు, పుప్పొడికి, గింజ పాలుపోసుకునే కాలం కుదించుకుపోవడానికి ఎవరి వాటా వారికి ఉంది. దాన్నంతా ఒక అణువు నెత్తిన పెట్టడం తగదు. అయినా రాత్రి వేడిని కొలిచే కుండ ఉందని తెలిశాక దాని చిల్లిని సవరించాలన్న ఆలోచన రాక మానదు. అది అసాధ్యమూ కాదు. అరబిడాప్సిస్ ఫైటోక్రోమ్ బిలో ఒక్కో అమినో ఆమ్లాన్ని మార్చి దాని వెలుతురు స్పందనను పెంచవచ్చనీ తగ్గించవచ్చనీ అమెరికాలో రిచర్డ్ వియర్‌స్ట్రా బృందం 2013లోనే చూపించింది. అయితే వేడికి కారకుండా చిల్లిని పూడ్చిన మొక్కకు రాత్రి ఎంత గడిచిందో చెప్పే లెక్క కూడా మారిపోతుంది, పక్కమొక్క నీడకు ఇచ్చే జవాబూ మారిపోతుంది. ఎత్తు కోసం మార్చిన చోటే పూత తేదీ కదులుతుంది.